చదవకుండా రాసిన ముందుమాట

ఈ సంగతి ఎప్పుడో రాసి ఉండాల్సింది. సిగ్గుపడి ఊరుకున్నాను. మొన్న మా బ్రాంచి లైబ్రరీలో జరిగినది చూశాక, నా సిగ్గు కన్నా ఇతరుల ధైర్యం ఎక్కువ ప్రమాదమనిపించి కాగితం ముందు కూర్చున్నాను.

ఒక కొత్త కవి కలిశాడు. ముప్పై ఏళ్లుంటాయి. మొదటి పుస్తకం అచ్చుకు వెళుతోంది. ముందుమాట ఫోను చేత రాయించానని చూపించాడు. పుస్తకం పేరు, అది కవిత్వమన్న మాట, ఇంతే చెప్పాడట. అర నిమిషంలో రాసిపెట్టిందట. చదివాను. ఆర్ద్రత ఉంది. గుండె తడి ఉంది. మట్టి పరిమళం కూడా ఉంది, అతను పుట్టి పెరిగింది అయిదో అంతస్తులోనైనా.

"పుస్తకం చదవకుండనే ఎంత మంచిగ రాసింది చూడండి అంకుల్," అన్నాడు.

చూశాను. ఫోన్లకు ఆ తెలివి రాకముందే, ఎదురుగా కూర్చున్న ఈ అంకులు ఆ విద్యలో ఆరితేరాడని అతనికి తెలియదు. ఫోనుకైతే అహంకారం ఉండదు, లైబ్రరీ మొత్తం చదివానని చెప్పుకోదు. నాకు రెండూ ఉన్నాయి. అందుకే కొత్తగా పుస్తకాలు వేసుకునేవాళ్లు, వాటికి ముందుమాటలు రాసిపెట్టేవాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు చదువుకుంటారని ఇది రాసి ఉంచుతున్నాను. ఎవరి పేరూ రాయను. ఇందులో ఉన్నవాళ్లలో కొందరికి ఇప్పటికీ సన్మానాలు జరుగుతున్నాయి.

సికింద్రాబాద్‌లో, మార్కెట్ వెనక సందులో ఉన్న ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు డీటీపీ చేశాను. అంటే చేతిరాత తెచ్చిస్తే కంప్యూటర్లో కొట్టి, తప్పులు దిద్ది, పేజీలు కట్టి, పుస్తకంగా తయారుచేసే పని. పెళ్లిపత్రికలు, షాపుల కరపత్రాలు కూడా కొట్టేవాళ్లం. కానీ ఎవరైనా ఏం పని అని అడిగితే "సాహిత్యం" అనేవాణ్ణి.

మా ఇల్లు మౌలాలి. మా నాన్న పరుపులు కుట్టేవాడు. నేను ఇంటర్ తప్పాక దూది ఏకడానికి కూర్చోబెట్టాడు. దూది కన్నా, దూది చుట్టి తెచ్చిన పాత పత్రికల మీద నా ధ్యాస ఎక్కువగా ఉండటం చూసి, "నువ్వు లైబ్రరీల కూసో బిడ్డా, ఈడ పనన్నా సాగుతది" అని పంపించాడు. ఆ లైబ్రరీలో అయిదు బీరువాలు. నాలుగు బీరువాలు పైనుంచి కింది దాకా వరసపెట్టి చదివాను. అయిదో దాని తాళంచెవి పోయింది. అందుకని అందులో ఉన్న సాహిత్యం గురించి మాత్రం నేను అభిప్రాయాలు చెప్పను. మిగతా అన్నింటి గురించీ చెబుతాను.

నా ముస్లిం పేరు వినగానే ప్రతి రచయితా "మీ తెలుగు చాలా బాగుందండీ" అనేవాడు. మా ఇంట్లో మాట్లాడుకునేదీ, తిట్టుకునేదీ తెలుగులోనే అని మొదట్లో వివరంగా చెప్పేవాణ్ణి. తర్వాత ఓపిక పోయి, "మీది కూడా ఫరవాలేదండీ" అనడం మొదలుపెట్టాను.

ఇక ముందుమాట. మన దగ్గర ముందుమాట లేని పుస్తకం పెద్దలు రాని పెళ్లిలాంటిది, ఏదో గొడవ జరిగిందనుకుంటారు. ఒకటి ఉంటే చాలదు. ఎనభై పేజీల కవితలకు నాలుగు ముందుమాటలు, రెండు ఆశీస్సులు, ఒక 'నా మాట' ఉండాలి. పాఠకుడు అవన్నీ దాటుకుని కవిత్వం దగ్గరికి చేరేసరికి అలసిపోయి పుస్తకం మూస్తాడు. కొన్ని పుస్తకాల విషయంలో అది కవికే మేలని నాకు అనిపించేది.

మా ప్రెస్సుకు వచ్చే పుస్తకాల్లో సగానికి ఒకే పెద్దాయన ముందుమాట రాసేవారు. రిటైరైన తెలుగు ప్రొఫెసరు. మంచి గొంతు, మంచి పంచె. ఆయన ముందుమాట కావాలంటే మూడు నెలలు తిరగాలి. ఆయన ఇచ్చే కాగితాలను నేను ఎన్నిసార్లు కొట్టానంటే, ఆయన రెండో వాక్యం మొదలుపెట్టేలోపు నా వేళ్లు మూడో వాక్యంలో ఉండేవి. ఒకరోజు ఆయనే ఫోన్ చేశారు.

"ఏమయ్యా, ఆ కవితల పుస్తకం నువ్వే కొడుతున్నావు కదా. అంటే చదివినట్టేగా?"

"చదివాను సార్."

"ఎలా ఉంది?"

"మొత్తం ఒకటే కవిత సార్. పేర్లు మారాయి."

"అది నేను ఊహించిందేలే. ఒక పని చెయ్యి. రెండు పేజీలు రాసి నా పేరు పెట్టు. నా ధోరణి నీకు తెలుసుగా."

రాశాను. అచ్చయిన పుస్తకం చూసి ఆయన మళ్లీ ఫోన్ చేశారు. "ఈమధ్య నేను రాసినవాటిలో ఇదే బాగా కుదిరిందయ్యా." ఆ సాయంత్రం బస్సులో సీటు ఖాళీగా ఉన్నా మౌలాలి దాకా నిలబడే వెళ్లాను. కూర్చోవాలనిపించలేదు.

అలా షురూ అయింది. తర్వాత వెనక అట్ట మీది నాలుగు వాక్యాలు నేనే. ఆవిష్కరణ సభలో ఆయన చదివే ప్రసంగం నేనే. రచయితకు తీరిక లేకపోతే 'నా మాట' కూడా నేనే. ఒకసారి ఒకే సభలో అధ్యక్షుడు, ముఖ్య అతిథి, పుస్తక పరిచయకర్త ముగ్గురూ నా వాక్యాలే చదివి, ఎంత లోతుగా చూశారండీ అని ఒకరినొకరు మెచ్చుకున్నారు. సన్మానాల్లో వచ్చిన శాలువాలు మిగిలిపోతే పెద్దాయన నాకొకటి ఇచ్చేవారు. మా ఇంట్లో ఫ్రిజ్జు, కుట్టు మిషను, కూలరు అన్నీ తెలుగు సాహిత్యం కప్పుకుని ఉండేవి.

ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. పుస్తకం పూర్తిగా చదివాకే రాసేవాణ్ణి. లోకం చదవకుండా అబద్ధాలాడుతోంది, నేను చదివి అబద్ధమాడుతున్నాను, ఆ మాత్రం తేడా ఉందని నా గర్వం.

ఆ నియమం ఒక్క పుస్తకం దగ్గర తప్పాను. చెప్పబోయేది దాని గురించే.

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే పేటలో ఉండే ఒక టీచరమ్మ మా ప్రెస్సుకు వచ్చారు. ఆడపిల్లల స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. భర్త పోయి రెండేళ్లయింది. తను రాసినవి రెండు నోటుబుక్కుల్లో తెచ్చారు. వాటికి బ్రౌను పేపరు అట్టలు, లేబుళ్లు, ప్రతి పేజీకీ స్కేలుతో గీసిన మార్జిను.

"తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్దండి. నేనేం అనుకోను," అన్నారు.

తప్పులేం లేవు. నాకు పెళ్లిపత్రికల రద్దీ ఉండటంతో ఆ నోటుబుక్కులు పక్క సీటు ఆపరేటరుకు ఇచ్చాను. ఆమె రోజూ భువనగిరి నుంచి రైల్లో వచ్చేది. పదేళ్లు నా పక్కన పనిచేసింది. చేతి వేగం నాకన్నా ఎక్కువ. ఒక్క పుస్తకం కూడా కొని చదివినట్టు నేను చూడలేదు. సాహిత్యం ఆమెకు అందదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని మనసులో దాచుకోలేదు కూడా.

టీచరమ్మ పుస్తకం కొడుతున్నన్ని రోజులూ ఆమె నవ్వుతూనే ఉంది. మొదటి రోజు ఊరుకున్నాను. రెండో రోజు అడిగాను.

"ఏందమ్మా, పొద్దుగాల సంది ఒక్కతీరుగ నవ్వుతున్నవ్. ఫోన్ల ఏమన్న చూస్తున్నవా?"

"ఫోను లేదు, ఏం లేదు భాయ్. ఈ టీచరమ్మ రాసింది చూడు జెర. కడుపు నొస్తుంది నాకు."

"భర్త పోయినంక రాసిన పుస్తకం అది. నవ్వుడేంది? తప్పులు పడ్తయి, సూస్కో."

"నువ్వు చదివినవా?"

"చూసిన."

"చూసినవ్ గదా. ఇగ చదువు."

నేను చూసింది విషయసూచిక. చివరి శీర్షిక 'ఆయన జ్ఞాపకార్థ కూడిక'. క్రైస్తవ కుటుంబాల్లో మనిషి పోయాక కొన్నాళ్లకు బంధువులు, చర్చివాళ్లు చేరి ప్రార్థన చేసి, పోయినవారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకునే కార్యక్రమం అది. భర్తను పోగొట్టుకున్న స్త్రీ, జ్ఞాపకార్థ కూడిక, అదీ పుస్తకం చివర్లో. ఇంకా చదవడానికి ఏముంటుంది? పైగా మా ఓనరు గుమ్మంలో నిలబడి, "ముందుమాట ఏది భాయ్, మిషన్ ఖాళీ ఉంది" అని కేక. టిఫిన్ డబ్బా తెరిచేలోపు పూర్తి చేశాను.

'చివరి రచన చదివి కళ్లు చెమర్చని పాఠకుడుండడు. జీవన సంధ్యలో ఒంటరిదైన ఒక స్త్రీ గుండె తడి ఇది. ఈ రచయిత్రి ఆర్ద్రతకు చిరునామా.' కింద పెద్దాయన పేరు. ఆయన చదవలేదు, నేను చదివానని ఆయన నమ్మకం. ఆయనే చదివి రాశారని ఆమె నమ్మకం. పుస్తకం అచ్చయింది.

స్టేషనుకు దగ్గరలో ఒక చిన్న హాల్లో ఆవిష్కరణ. ముందు వరసలో చర్చి స్త్రీల సమాజం, క్వయిర్‌లో పాడేవాళ్లు, స్కూల్లో కలిసి పనిచేసిన టీచర్లు. పుస్తకాల కట్టలు మోసుకొచ్చిన నేను, మా ఆపరేటరు వెనక కూర్చున్నాం. పెద్దాయన లేచి కన్నీటి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆయన గొంతులో వింటే నా వాక్యాలు నాకే గొప్పగా అనిపించాయి.

తర్వాత టీచరమ్మ లేచారు.

"నేను ఇదంతా తమాషాగా రాశాననుకున్నానండీ. సార్ ముందుమాట పదిసార్లు చదువుకున్నాను. నాలో ఏముందో పెద్దలు చెబితేనే గానీ తెలియలేదు," అని, చివరి రచన తెరిచి చదవడం మొదలుపెట్టారు. నెమ్మదిగా, ప్రతి మాట దగ్గరా ఆగుతూ, శోకంగా.

భర్త జ్ఞాపకార్థ కూడికలో ఒక్కొక్కరే లేచి ఆయన్ని పొగుడుతుంటారు. పార్కింగ్ కోసం వీధి మొత్తంతో తగాదా పడ్డ మనిషిని మితభాషి అంటారు. ఫ్యాను కింద చోటు కోసం చివరి బెంచీలో కూర్చునే మనిషిని వినయశీలి అంటారు. ఈమెకు అనుమానం వచ్చి, వేరేవాళ్ల కూడికకు వచ్చానేమోనని గోడ మీది ఫోటో చూస్తారు. స్టూడియోవాళ్లు పళ్లు సరిచేసి, టై కట్టడంతో ఫోటోలో ఉన్నది కూడా ఎవరో తెలియదు.

"'మన సహోదరుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరించేవాడని పాస్టరు గారు చెప్పారు,'" అని చదివారామె. "'నిజమే. మోకరించకపోతే నీళ్ల మోటారు స్విచ్చి అందదు. ఆ సమయంలో ఆయన దేవుణ్ణి తలుచుకునేవారన్నదీ నిజమే. మోటారు షాకు కొట్టే రోజుల్లో మరీ గట్టిగా తలుచుకునేవారు.'"

ముందు వరసలో ఇద్దరు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. కళ్లు చెమర్చాలని ముందుమాటలో ఉంది కదా. నా పక్కనున్న ఆపరేటరు మాత్రం పెద్దగా నవ్వింది. హాలు మొత్తం వెనక్కి తిరిగింది.

"ఏంటమ్మా అది, పెద్దావిడ బాధలో ఉంటే," అన్నారు స్త్రీల సమాజం అధ్యక్షురాలు.

ఆపరేటరు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. టీచరమ్మ మరింత శోకంగా చివరి వాక్యాలు చదివారు. "'ఇంత మంచి మనిషితో నలభై ఏళ్లు కాపురం చేసి కూడా నాకు తెలియకుండా పోయిందే అని ఏడుపొచ్చింది. నా కన్నీళ్లు చూసి అందరూ నన్ను ఓదార్చారు.'"

చప్పట్లు మోగాయి. నాలుగు బీరువాలు చదివిన నాకు, అంత బాగా రాసిన పేజీ చాలా ఏళ్లుగా నా చేతిలోకి రాలేదని ఆ కట్టల మీద కూర్చుని ఉండగా తెలిసింది. వచ్చింది, నేను పక్క సీటుకు తోసేశాను.

సభ అయ్యాక టీచరమ్మ మా దగ్గరికి వచ్చారు.

"నీకు నవ్వొచ్చిందా అమ్మా?"

"సారీ మేడమ్. ఆగలే."

"పరవాలేదు. చిన్నదానివి. సార్ రాసిన ముందుమాట చదువు, నీకే అర్థమవుతుంది," అని ఆమె తల నిమిరారు. నా వైపు తిరిగి, "క్వయిర్ మీద, సండే స్కూలు మీద ఇంకో రెండు మూడు నోటుబుక్కులు రాసి పెట్టానండీ. అన్నీ ఇలాంటి వెకిలివే. ఇక అవి పక్కన పెట్టి సరైనది రాస్తాను," అన్నారు.

స్టేషను వైపు నడుస్తుంటే ఆపరేటరు అడిగింది. "భాయ్, గా ముందుమాట నువ్వే రాసినవ్ గదా."

"అవును."

"చదవలే గదా."

"లేదు."

"పెద్దసారు రాస్తె నేనేం అనకపోదు. ఆయనెప్పుడు చదివిండు గనుక. నువ్వు లైబ్రరీ మొత్తం చదివిన అంటవ్, సిగ్గుండాలె."

రైలు టైమైందని ఆమె స్టేషన్లోకి వెళ్లిపోయింది.

వెంటనే వెళ్లి టీచరమ్మకు నిజం చెప్పి ఉండాలి. నాలుగు నెలలు చెప్పలేదు. పెద్దాయన పేరు పోతుందనుకున్నాను. ఆయన పంపే పుస్తకాలు ఆగితే ఓనరు నా మీద పడతాడనుకున్నాను. ఇవి పైకి చెప్పుకునే కారణాలు. అసలు కారణం వేరు. ముందుమాట చాలా బాగుందని ఆ సభలో నలుగురు అనడం నేను విన్నాను.

నాలుగు నెలల తర్వాత టీచరమ్మ కొత్త రాతప్రతితో వచ్చారు. ఈసారి పెళ్లిపత్రికలు పక్కన పెట్టి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి నేనే చదివాను. మొదటి వాక్యం 'జీవన సంధ్యలో నా గుండె తడి' అని మొదలైంది. మూడో పేజీలో ఆర్ద్రత. అయిదో పేజీలో మళ్లీ ఆర్ద్రత. అన్నీ నా మాటలే, ఆమె చక్కటి దస్తూరిలో, మార్జిన్లు గీసిన పేజీల మీద. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. పదకొండో పేజీలో భర్త తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరిస్తాడు. అంతే. మోటారు లేదు.

"మేడమ్, ఆ క్వయిర్ నోటుబుక్కులు?" అని అడిగాను.

"మూడున్నాయండీ. ఇల్లు సర్దుతున్నాను. ఈ వారంలో మా తమ్ముడొచ్చి అటక ఖాళీ చేస్తాడు, పాత పేపర్లతో పాటు వాటినీ వేసేస్తాను. ఎవరి కళ్లన్నా పడితే బాగుండదు."

ఆమె వెళ్లిన గంటకే పెద్దాయన ఫోన్ చేశారు.

"టీచరమ్మగారి రెండో పుస్తకం వచ్చిందటగా. మొదటిదాని కన్నా ఒక మెట్టు పైకెక్కిందని రాయి. కన్నీరు ఎటూ ఉంటుంది."

"ఈ పుస్తకం బాగా లేదు సార్."

"బాగా లేకపోతేనే కదయ్యా ముందుమాట కావాలి."

"మొదటిది చాలా బాగుంది సార్. అది మనం చదవలేదు."

"నువ్వు కూడా చదవలేదా?"

"మీరు చదివారా సార్?"

"నేనెందుకు చదువుతానయ్యా, నువ్వున్నావుగా."

"ఇక లేను సార్," అన్నాను. ఉద్యోగంలో నేను చెప్పిన ధైర్యమైన మాట అదొక్కటే. చెప్పాక నీళ్లు తాగాల్సి వచ్చింది.

ఇది గురువారం జరిగింది. అదే సాయంత్రం కార్ఖానా వెళ్లి ఉండాలి. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ క్షమాపణ చెప్పాలి, ఏ మాట వాడాలి అని మాటలు కూడదీసుకుంటూ రెండు రోజులు గడిపేశాను. వాక్యం కుదరలేదని ఆగాను. ఇది రచయితల జబ్బు, రచయిత కానివాడికి కూడా అంటుకుంటుందని అప్పుడే తెలిసింది.

ఆదివారం, చర్చి ముగిసే వేళ దాటాక వెళ్లాను. టీచరమ్మ టీ పెట్టి, కేకు ముక్క ప్లేటులో పెట్టారు. కేకు ముట్టుకోకుండానే చెప్పేశాను. కుదుర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"ముందుమాట సార్ రాయలేదు మేడమ్. నేను రాశాను."

"మీరా?"

"సార్ పేరుతో. చాలా పుస్తకాలకు రాశాను."

"సరే. చదివాకే కదా రాశారు."

"చదవలేదు. విషయసూచిక చూసి రాశాను."

ఆమె కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "పిల్లలు కాపీ కొట్టి రాస్తే సున్నా వేసేదాన్ని. కాపీ కొట్టడానికైనా పక్కవాడి పేపరు చదవాలి. మీరు అదీ చెయ్యలేదు."

నేను తల వంచుకున్నాను.

"మరి ఇప్పుడు చదివారా?"

"చదివాను. రెండుసార్లు."

ఆ మాట ఆమె నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం కూడా లేదు. పుస్తకం తెచ్చి చివరి రచన తెరిచి నా ముందు పెట్టారు. "చదవండి. పైకి చదవండి."

క్లాసులో పిల్లవాడిలా చదివాను. ఆమె పుస్తకం వైపు కాకుండా నా ముఖం వైపు చూస్తున్నారు. నీళ్ల మోటారు దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేక నవ్వాను.

"అక్కడ కాదు," అన్నారామె చిరాగ్గా. "అప్పుడే నవ్వేస్తే ఎలా? షాకు దాకా ఆగాలి. షాకు కోసమే కదా మోటారు పెట్టింది."

ఆమె ముఖం మారడం నేను చూశాను. తను ఏం రాశారో తనకే మళ్లీ గుర్తొచ్చిన ముఖం అది. కొత్త రాతప్రతి చూపించి అడిగారు.

"ఇది?"

"బాగా లేదు మేడమ్."

"ఎంత బాగా లేదు?"

"ఇందులో మోటారు లేదు."

అప్పుడు నవ్వారు. నవ్వుతూనే ఉన్నారు, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆ నవ్వు తగ్గక ముందే నేను నోటుబుక్కుల మాట ఎత్తాను. నవ్వు ఆగిపోయింది.

"నిన్న పొద్దునే తమ్ముడు వచ్చి పాతపేపర్ల దుకాణంలో ఇచ్చేశాడండీ."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లారు. డబ్బాల వెనక వెతికి ఒక నోటుబుక్కు పట్టుకొచ్చారు. దాని వెనక పేజీల్లో క్రిస్మస్ కేకు కొలతలు రాసుకోవడం వల్ల అటక ఎక్కలేదు. మిగతా రెండూ పోయాయి. ఆ రోజు పాతపేపర్ల దుకాణం మూసి ఉంది. సోమవారం పొద్దునే వెళ్లాను. దుకాణం ఆయన పాపం నాతో పాటు కట్టలన్నీ విప్పాడు.

"నోటుబుక్కులు ఆగవు అన్నా. కాయితం దిట్టంగ ఉంటది గదా, బజ్జీల బండ్లోళ్లు వచ్చినయి వచ్చినట్టే కొంటపోతరు," అన్నాడు.

శుక్రవారం వెళ్లి ఉంటే ఆ రెండూ దొరికేవి. ఈ లెక్క నేను ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు వేసినా అలాగే వస్తోంది.

మిగిలిన ఒక్క నోటుబుక్కుతో పల్చటి పుస్తకం వేశాం. ముందుమాట లేదు. దాంతో అందరూ పుస్తకం సంగతి వదిలేసి "ముందుమాట లేదేంటి, పెద్దాయనతో ఏమైనా తేడా వచ్చిందా" అని అడిగారు. పత్రికల్లో సమీక్ష రాలేదు. సమీక్షకులు ముందుమాట చూసి రాస్తారు, అది లేకపోతే వాళ్లకు పుస్తకం చదవాల్సిన గతి పడుతుంది. పోయిన రెండింటినీ మళ్లీ రాయమని టీచరమ్మను అడిగాను. నెల రోజులు ప్రయత్నించారు. "రాస్తున్నానండీ, కానీ నాకే నవ్వు రావడం లేదు" అని మానేశారు. నన్ను క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. ఇప్పటికీ నేను ఫోన్ చేసి ఏదైనా పుస్తకం బాగుందని చెబితే, "ఏ పేజీ?" అని అడుగుతారు.

పెద్దాయన తన పుస్తకాలన్నీ వేరే ప్రెస్సుకు పంపించడం మొదలుపెట్టారు. మా ఓనరు రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడిన రోజున ఒకటే అడిగాడు. "ముప్పై ఏండ్ల సంది యాడ పోయిండె భాయ్ నీ నిజాయితీ? నా పుస్తకాల మీదనే రావాల్నా?" పెద్దాయన ముందుమాటలు ఇప్పటికీ వస్తున్నాయి. ఎవరు రాస్తున్నారో తెలియదు గానీ ఆర్ద్రత ఏమాత్రం తగ్గలేదు.

చివర్లో పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పడం పద్ధతి. పేర్లు రాయనని ముందే అన్నాను కాబట్టి మనుషులను వాళ్లు చేసిన పనిని బట్టి తలుచుకుంటాను. అందరికన్నా ముందు చదివి, అందరికన్నా ముందు నవ్విన మా ఆపరేటరుకు. రెండు నెలలు అలిగినా పనిలోంచి తీసెయ్యని మా ఓనరుకు. చదవకుండా ఎంత బాగా రాయవచ్చో నాకు నేర్పిన పెద్దాయనకు. సున్నా వేశాక కూడా కేకు ప్లేటు వెనక్కి తీసుకోని టీచరమ్మకు. పని మానుకుని నా కోసం కట్టలన్నీ విప్పిన పాతపేపర్ల దుకాణం ఆయనకు. ఆ రెండు నోటుబుక్కుల కాగితాల్లో మిర్చి బజ్జీలు కట్టించుకుని, తినేశాక నూనె మరకల మధ్య కనిపించిన నాలుగు లైన్లు చదివి, కార్ఖానా రోడ్డు మీద నిలబడి ఒక్కరైనా నవ్వి ఉంటే, వాళ్లకు. ఆ పుస్తకాలను చదివినవాళ్లు వాళ్లొక్కరే.